బోస్టను నగర క్రీడాభిమానులు

ఆటలాడినవారి పేరులు గ్రంథముల కెక్కును. ఆ యాటను జూడవచ్చి కేకలువేసినవారి పేరులు సామాన్యముగా నెవ్వరును వ్రాసి యుంచరు. ఐనను అమెరికా సంయుక్త రాష్ట్రములందలి బోస్టను నగరమున కొందఱు ప్రేక్షకులు తమ జట్టు వెంట ఊరూరు దిరిగి, ఆ దేశపు క్రీడాచరిత్రమున తమకుగూడ నొక స్థానము సంపాదించుకొనిరి. వారిని రాయల్ రూటర్సు అని పిలిచెడివారు. తమ జట్టును కేకలతో ప్రోత్సహించువారని దాని భావము. ఊరి మీది యభిమానము ఎవరి సొత్తు అను ప్రశ్నకు వీరి కథలో సమాధానము కలదు గనుక దానిని మీకు విన్నవించుచున్నాను.

వారి యభిమానమునకు పాత్రమైన యాట బేస్‌బాల్. ఒకడు చెండు విసరును. ఎదుటిజట్టువాడు గుండ్రని కఱ్ఱతో దానిని గొట్టి పరుగెత్తును. మైదానమున మూడు మజిలీలు దాటి, బయలుదేఱిన చోటికి క్షేమముగా మరలి వచ్చినచో జట్టునకొక పరుగు లెక్కకు వచ్చును. ఆ చోటినే వారు ఇల్లు అందురు. జట్టునకు తొమ్మండుగురు. పెద్ద నగరములలో జీతములు పుచ్చుకొని యాడు జట్టులు కలవు. ఈ జట్టులకు 1876 నుండి నేషనల్ లీగు అను సంఘమును, 1901 నుండి దానికి సమానముగా అమెరికన్ లీగు అను మఱియొక సంఘమును ఏర్పడినవి.

బోస్టనులో మైకేల్ మెక్‌గ్రీవీ యను నతడు పానశాల నడుపుచుండెను. దానికతడు మూడవ మజిలీ యని పేరుపెట్టెను. ఇల్లు చేరుటకు ముందు కడపటి మజిలీ యదియే గదా! అచ్చట ఆటగాండ్రను గూర్చి వాదములు చెలరేగినప్పుడు, ఇక చాలునని యతడొక్కమాట యనినంతనే వాదము ముగియుచుండెనట. ఆ మాటయే యతనికి మారుపేరయ్యెను. అతని చుట్టు చేరినవారిలో పెక్కురు ఐర్లండు నుండి వలసవచ్చిన కుటుంబములవారు. పాత కుటుంబములవారు వారిని చాలకాలము చిన్నచూపు చూచిరి. మైదానమున కూర్చుండి ఇది మా ఊరు, వీరు మావారు అని యెలుగెత్తి చెప్పుటకు వారికి అవకాశము దొరకెను. వారి నాయకులలో నొకడైన జాన్ ఫిట్జ్‌జెరాల్డు తరువాత ఆ నగరమునకు మేయరయ్యెను. అమెరికా అధ్యక్షుడైన జాన్ కెన్నెడీకి అతడు మాతామహుడు.

1897 లో బోస్టను జట్టునకును బాల్టిమోరు జట్టునకును అగ్రస్థానమునకై తీవ్రమైన పోటీ జరిగెను. బాల్టిమోరు అంతకుముందు మూడేండ్లు వరుసగా గెలిచిన జట్టు. నిర్ణాయకమైన యాటలు బాల్టిమోరులోనే జరుగవలసియుండగా, బోస్టను అభిమానులు గుంపుగా రైలెక్కి పోయి, పరాయి ఊరి జనసముద్రము నడుమ తమ జట్టు నుత్సాహపఱచిరి. బోస్టనే గెలిచెను. నాటినుండి వారి పేరు దేశమున మ్రోగెను.

1901 లో బోస్టనునందే అమెరికన్ లీగు జట్టొకటి క్రొత్తగా వెలసెను. పాతజట్టువారు ప్రవేశమునకు 50 సెంట్లు గైకొనుచుండగా క్రొత్తవారు 25 సెంట్లే పుచ్చుకొనిరి. జిమ్మీ కాలిన్సు మొదలగు ప్రియమైన యాటగాండ్రును క్రొత్తజట్టున చేరిరి. రూటర్సును వారి వెంటనే పోయిరి. దీనిని కొందఱు ద్రోహమనవచ్చును. కాని వారు వదలినది యజమానిని గాని ఊరిని గాదు.

1903 లో ఉభయ సంఘముల విజేతలును మొదటిసారిగా తలపడిరి. ఐదాటలు ముందు గెలిచినవారిదే జయము. బోస్టనుకు ప్రత్యర్థి పిట్స్‌బర్గు, ఉక్కు కర్మాగారముల పట్టణము. నాలుగాటలు ముగియునప్పటికి పిట్స్‌బర్గు మూడును, బోస్టను ఒక్కటియు గెలిచియుండెను. జట్టు వెంట పిట్స్‌బర్గునకు బోయిన రూటర్సు అచ్చట టెస్సీ యను నాటకపు పాటను పట్టుకొనిరి. ఆ పాటకు ఆటతో నెట్టి సంబంధమును లేదు. వారు మాటలు మార్చి, ఎదుటిజట్టున మేటియగు హోనస్ వాగ్నరును వెక్కిరించుచు, బ్యాండుమేళముతో మరల మరల పాడిరి. తరువాతి నాలుగాటలను బోస్టను వరుసగా గెలిచి, అక్టోబరు 13 న విజేత యయ్యెను. పిట్స్‌బర్గు ఆటగాడు టామీ లీచి వృద్ధాప్యమున ఆ పాట తమకెంత విసుగు పుట్టించెనో చెప్పుకొనగా, ఆ మాటలు 1966 లో గ్రంథమున అచ్చైనవి. కాని ఆ జట్టున చెండు విసరువారిలో ఒకనికి భుజము నొప్పి, మఱియొకనికి మనోవ్యాధి. అందుచేత ఎనిమిదాటలలో ఐదింటి భారము డీకన్ ఫిలిప్పీ ఒక్కనిపై బడెను. పాట గెలిపించెననుట అభిమానుల మాట. అలసిన చేయి ఓడించెననుట చరిత్రకారుని మాట. రెండింటను కొంత నిజము కలదు.

వీరియందు దోషములు లేకపోలేదు. ఆటలపై ధారాళముగా పందెములు కాచుచుండిరి. పరుని పొరపాటునకు పండుగ చేసికొనుచుండిరి. 1904 అక్టోబరు 10 న న్యూయార్కునందు ఆ యేడు 41 ఆటలు గెలిచిన జాక్ చెస్‌బ్రో చేతినుండి ఒక్క చెండు అడ్డదిడ్డముగా జాఱగా బోస్టను అగ్రస్థానము దక్కించుకొనెను. న్యూయార్కువారు తలలు వంచియుండ రూటర్సు అచ్చటనే టెస్సీ పాడిరి. ఆ రెండు నగరముల వైరమున కది తొలి యధ్యాయము.

1912 లో బోస్టనువారు ఫెన్‌వే యను క్రొత్త మైదానము కట్టిరి. ఆ యేటి తుదిపోటీ న్యూయార్కు జెయింట్సు జట్టుతో. రూటర్సు న్యూయార్కు ఆటలకు సైతము వెంటబోయి వచ్చిరి. అక్టోబరు 15 న వారు మేళతాళములతో ఫెన్‌వే ప్రవేశించి చూతురుగదా, ఎప్పటినుండియో తమకై యుంచుచుండిన స్థలములను యాజమాన్యము ఇతరులకు అమ్మివైచియుండెను! వారు మైదానము విడువమనిరి. గుఱ్ఱములనెక్కిన పోలీసులు వారిని త్రోసివైచిరి. కంచె విఱిగెను. ఆటకు జాగయ్యెను. ఈలోపల బోస్టను మేటి జో వుడ్డు చేయి చల్లబడెనందురు. మొదటి విడతలోనే ప్రత్యర్థులు ఆఱు పరుగులు చేసి ఆ యాట గెలిచిరి. ఆ దినము ప్రేక్షకులు 32 వేలకు పైగా నుండిరి. మఱునాడు పోటీని తేల్చు కడపటి యాట. దానికి వచ్చినవారు 17 వేలు మాత్రమే. బోస్టను పదవ విడతలో గెలిచి జగద్విజేత యయ్యెను. కాని ఊరివారిలో చాలమంది ఆ గెలుపును కన్నులార చూడలేదు. పరుగుల లెక్కలో యాజమాన్యము నెగ్గెను. ఆ ఖాళీ పీటల లెక్కలో నోడెను.

1914 లో ఆ నగరమునందలి పాతజట్టు జూలై నెలలో అట్టడుగుననుండి లేచి, అక్టోబరునాటికి జగద్విజేత యయ్యెను. రూటర్సులో పలువురు ఈ మాఱు దాని పక్షమున కేకలు వేసిరి. పదమూడేండ్లకు ముందు విడిచిన జట్టే యది. జట్టు మాఱినను ఊరు మాఱలేదు. ఆ పాతజట్టే 1953 లో లాభము కొఱకు మిల్వాకీ నగరమునకు తరలిపోయెను. యజమానులు ఊరు విడువగలరు. అభిమానులకది సాధ్యముగాదు.

1920 లో మద్యనిషేధము వచ్చి మెక్‌గ్రీవీ పానశాల మూతపడెను. తరువాత నా యింట నగర గ్రంథాలయము యొక్క శాఖ వెలసెను. గోడలనున్న ఆటగాండ్ర ఛాయాచిత్రములను అతడు గ్రంథాలయమునకే యొసంగెను. వానిని నేటికిని బోస్టను గ్రంథాలయము భద్రపఱచుచున్నది. ఆ 1920 లోనే ప్రఖ్యాతుడగు బేబ్ రూత్‌ను యజమాని న్యూయార్కునకు అమ్మినట్లు వెల్లడియయ్యెను. 1918 లో గెలిచిన ఆ జట్టు మరల జగద్విజేత యగుటకు 86 ఏండ్లు పట్టెను. 2004 లో న్యూయార్కుచేత వరుసగా మూడాటలు ఓడియు, తరువాతి నాలుగాటలు గెలిచి, ఆ జట్టు తుదిపోటీకి బోయి జయించెను. ఆ యేడే టెస్సీ పాటను బోస్టను గాయకులు క్రొత్తగా కూర్చి పాడిరి.

రైలు ఖర్చు భరించి, పరాయి ఊరి యెగతాళి సహించి, గొంతులు బొంగురుపోవునట్లు పాడినవారికి జట్టునందొక కాసంత వాటాయైనను లేకుండెను. జట్టు యజమానిదే. అభిమానము మాత్రము ఊరిది. దానిని ఆదరించి నిలుపుకొనవచ్చును గాని, పీటలతోబాటు అమ్మివేయుటకు వీలులేదు.