పేటలు, రేవులు, వర్తకాభయము

చార్మినారునకును నయాపూలునకును నడుమ రాతి కమానుల వరుసతో నొప్పుచున్న పత్తర్‌గట్టి వీధి నెఱుగని వర్తకుడు భాగ్యనగరమున నుండడు. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమును ముంచిన పిమ్మట, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పాలనమున 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడెను. ఆ మండలి చేసిన పనులలో నీ వీధి యొకటి. క్రింద అంగళ్లు, మీద నివాసములు, ముందు ఎండకును వానకును మఱుగైన నడవ. ఇచ్చట అమ్ముడు, ఇచ్చట కొనుడు అని ప్రభుత్వము రాతితో చెప్పిన మాట యిది.

వర్తకమునకు స్థానము నిర్ణయించుట ప్రభువులకు క్రొత్త గాదు. పేటయో, రేవో యేర్పఱచి, అచ్చటనే క్రయవిక్రయములు జరుగవలెనని శాసించిన రాజులు అనేక దేశములందు గలరు. అట్టి నిర్ణయము వర్తకునికి రక్షయా, శృంఖలయా యనునదియే యీ వ్యాసమున విచారింపదగిన విషయము. వర్తకమే జీవనాధారముగా గల మన కులబాంధవుల కిది పాతకథ మాత్రమే కాదు. నేటి ప్రశ్నయు నగును.

మొదట ఇంగ్లాండు దేశమును జూతము. పదవ శతాబ్దమున నచ్చటి రాజులైన పెద్ద ఎడ్వర్డు, ఆతని కుమారుడు ఏథెల్‌స్టాను బజారు పట్టణములకు వెలుపల సరకు కొనరాదని శాసనములు చేసిరి. వారి భాషలో 'పోర్టు' అనగా సముద్రపు రేవు మాత్రమే కాదు. సంత గల పట్టణ మెల్ల పోర్టే. ఎడ్వర్డు శాసనము ప్రకారము కొనుగోలునకు పట్టణాధికారియో, నమ్మదగిన యితరులో సాక్షులుగా నుండవలెను. ఏథెల్‌స్టాను ఇరువది పెన్నీలకు మించిన సరకును పట్టణములోనే కొనవలెననియు, నాణెములను పట్టణమునందే ముద్రింపవలెననియు విధించెను. దీనికి రెండు కారణములు గలవు. దొంగసొత్తు చేతులు మాఱకుండుట యొకటి. రాజునకు రావలసిన సుంకము తప్పిపోకుండుట రెండవది. సాక్షి యున్నచోట కొన్నవాడు దొంగయను నింద నొందడు. కావున నా నిర్బంధములో వర్తకునికి గూడ కొంత మేలు గలదు.

తరువాత ఉన్ని వ్యాపారము పెరిగినకొలది ఆ నిర్బంధము బిగిసెను. మూడవ ఎడ్వర్డు కాలమున 1353లో 'స్టేపుల్' చట్టము పుట్టెను. ఉన్ని, తోళ్లు, సీసము మొదలగు ముఖ్యమైన సరకులను న్యూకాసిలు, యార్కు, లింకను, నార్విచ్చి, వెస్టుమినిస్టరు, బ్రిస్టలు మొదలగు కొన్ని నిర్ణీత పట్టణములకే తేవలెను. విదేశీయులు వచ్చి యచ్చట కొనుకొని పోవలెను. ఎగుమతి చేయు హక్కు స్వదేశపు వర్తకులకు లేకపోయెను. ప్రతి స్టేపుల్ పట్టణమునకును ఒక మేయరు, ఇద్దఱు కానిస్టేబుళ్లు. వివాదములు వర్తకుల ఆచారధర్మము ననుసరించి త్వరగా తీర్పు నొందుచుండెను. 1363లో నీ స్థానము సముద్రమున కావలి యొడ్డున నున్న కలే పట్టణమునకు మాఱెను. దాని యధికారము ఇరువదియార్గురు వర్తకుల చేతిలో బెట్టబడెను. రాజునకు సుంకమును అప్పును దొరకెను. కొలదిమందికి గుత్త దొరకెను. గొఱ్ఱెలు పెంచిన కాపునకు మాత్రము కొనువారు తగ్గిరి. 1558లో ఫ్రెంచివారు కలేను గెలుచుకొనగా నా యేర్పాటు విచ్ఛిన్నమయ్యెను.

ఇక మన దేశమునకు వత్తము. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి శాలివాహన శకము 1166లో, అనగా క్రీ.శ. 1244 ప్రాంతమున, మోటుపల్లి రేవున నొక శాసనము వేయించెను. ఈ గ్రామము నేడు బాపట్ల జిల్లా చినగంజాము మండలములో గలదు. ఆ కాలమున దీనికి దేశ్యుయ్యకొండపట్టణ మని నామాంతరము. ఇది యభయశాసన మని ప్రసిద్ధము. దాని సారాంశ మిట్లున్నది: ఒక దేశమునుండి యింకొక దేశమునకు బోవు ఓడలు తుఫానుచే విఱిగి యొడ్డున బడినప్పుడు పూర్వపు రాజులు వానిలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలాత్కారముగా గైకొనుచుండిరి. తామట్లు చేయక, ప్రాణముకంటె ధనమే యెక్కువ యని యెంచి సముద్రయానపు సాహసమునకు బూనినవారియందు దయతో, నిర్ణీతమైన సుంకము దక్క తక్కినదంతయు వారికే విడిచితిమి. ఎగుమతి దిగుమతుల మీద సుంకము ముప్పదింట నొకటి. గంధము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పట్టు, పగడములు, మిరియములు, పోకలు మున్నగు సరకులకు వేర్వేఱు వెలలు గూడ శిలపై చెక్కబడెను.

ఈ శాసనపు గొప్పతన మెఱుగవలెనన్న ఇంగ్లాండుతో పోల్చి చూడవలెను. అచ్చట 1275 నాటి వెస్టుమినిస్టరు చట్టము, విఱిగిన యోడనుండి మనుష్యుడో కుక్కయో పిల్లియో ప్రాణముతో బయటపడినచో నది రాజుసొత్తు కాదని చెప్పెను. సరకును ఏడాదియు నొకదినమును భద్రపఱచి, సొంతదారు వచ్చి నిరూపించినచో నిచ్చివేయవలె ననెను. అదియు మంచి చట్టమే. కాని దానికి ముప్పదియేండ్లు ముందుగనే గణపతిదేవుడు ప్రాణి మిగిలెనా లేదా యను పరీక్ష లేకయే వర్తకునికి సరకు నప్పగించెను. అంతకన్న విశేష మేమనగా, సుంకమును వ్రాతపూర్వకముగా బహిరంగస్థలమున నిలిపెను. రేవున దిగిన పరదేశి సయితము తానేమి చెల్లింపవలెనో ముందే యెఱుగగలడు. అధికారి యిష్టానుసారము అడిగిన మొత్తము వేఱు, రాతిమీది మొత్తము వేఱు. కొలది దశాబ్దముల పిదప వెనిసు యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి పేరుతోనే యీ రాజ్యమును వర్ణించి, ఇచ్చటి వజ్రములను, సాలెపట్టువంటి సన్నని వస్త్రములను పొగడెను.

కాకతీయుల పిమ్మట కొండవీటి రెడ్డిరాజైన అనపోతారెడ్డి 1358లో నదే రేవున మఱియొక శాసనము వేయించెను. వచ్చి స్థిరపడదలచిన వర్తకులకు ఆదరము. వెళ్లదలచినవారికి అడ్డు లేకుండుట. పుత్రులు లేక మరణించినవాని సొత్తును రాజు గైకొను ఆచారమును మానుట మొదలగునవి యందు గలవు. ఇంగ్లాండులో స్టేపుల్ చట్టము పుట్టి యప్పటి కైదేండ్లే. అచ్చటి రాజు వర్తకుని నిర్బంధించి పట్టణమునకు రప్పించెను; ఇచ్చటి రాజులు అభయమిచ్చి రేవునకు రప్పించిరి. రెండింటను స్థాననిర్ణయ మున్నది, సుంకమును ఉన్నది. భేదమంతయు వచ్చినవాడు తిరిగిపోగల్గుటలో నున్నది.

వర్తకులును ఊరక యుండలేదు. నకరము, పెక్కండ్రు అను పేర్లతో వర్తకసంఘములు ఆనాటి శాసనములలో కనబడుచున్నవి. తమ సరకులపై తామే కొంత విధించుకొని దేవాలయములకు సమర్పించుకొనిరి. ఇట్టి విధింపునకు మగమ యని పేరు. రాజసుంకము పైనుండి వచ్చినది. మగమ సభ్యుల సమ్మతినుండి వచ్చినది. సంఘమునకు చందా యిచ్చు మన మా సంప్రదాయమునకే వారసులము.

గోలకొండ కాలమున పరిస్థితి కొంత మాఱెను. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా హైదరాబాదును నిర్మించెను. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే వ్రాసిన దానినిబట్టి, వర్తకులు, దళారులు, పనివారు నగరమునకు వెలుపలి పేటలో నివసించుచు, పగలు పది పదునొకండు గంటలకు నగరములోనికి వచ్చి విదేశీయులతో బేరములాడి, సాయంకాలము నాలుగైదు గంటలకు తమ యిండ్లకు మరలుచుండిరి. నగరద్వారమున ఉప్పు, పొగాకు కొఱకు వచ్చినవారిని సోదా చేయుచుండిరి; ఏలయన నా రెండును రాజునకు ముఖ్యమైన ఆదాయములు. మచిలీపట్టణమున 1611నుండి ఇంగ్లీషువారు వ్యాపారము చేయుచుండిరి. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా వారికి 'సువర్ణ ఫర్మానా' నొసగెను. ఏటేట 500 వరహాలు చెల్లించి రాజ్యపు రేవులలో వ్యాపారము చేసికొను సౌకర్యము వారికి లభించెను. ఇదియు నిర్ణీతసుంకమే, కాని మోటుపల్లి శిల సముద్రముమీద వచ్చిన వారందఱికిని వర్తించెను, ఫర్మానా యొక్క కంపెనీకి మాత్రమే వర్తించెను. అందఱికి సమానమైన నియమము ధర్మ మగును. ఒకరికి ప్రత్యేకించినది అనుగ్రహ మగును. అనుగ్రహము పొందినవాడు బలిసి, పొందనివాడు క్షీణించుట సహజము.

ఇటీవలి కాలమునకు వచ్చినచో, నిజాము రాజ్యమున 1339 ఫసలీలో, అనగా 1930 ప్రాంతమున, వ్యవసాయ మార్కెట్ల చట్టము వచ్చెను. మద్రాసు రాష్ట్రమున వాణిజ్యపంటల మార్కెట్ల చట్టము 1933లో వచ్చెను. ఈ రెండింటి స్థానమున 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టము వెలసెను. నోటిఫై చేసిన సరకు లైసెన్సు గల వర్తకుల ద్వారా నిర్ణీతమైన మార్కెట్టులో సరియైన తూకముతో అమ్ముడుపోవలెనని దీని యుద్దేశము. రైతు తన పంటను అప్పిచ్చినవానికే, వాడు చెప్పిన ధరకే, వాడు పట్టిన కాటాకే యిచ్చుకొనవలసి వచ్చిన దినములకు ఇది ప్రతిక్రియ. అట్టి తూకములలో మనవారి కాటాలును కొన్ని యుండెనని యొప్పుకొనుట సంఘమునకు అవమానము గాదు, దాచుటయే యవమానము. 2020లో కేంద్రప్రభుత్వము మార్కెట్టు వెలుపలి విక్రయమునకు స్వేచ్ఛ నిచ్చు చట్టము చేయగా, రైతుల యాందోళనముపై 2021లో దానిని రద్దుచేసెను. ఏథెల్‌స్టాను నాటి ప్రశ్నయే వేయేండ్ల తరువాతను తీరలేదని దీనివలన స్పష్టమగుచున్నది.

ఈ చరిత్రమునుండి నాలుగు లక్షణములు తేలుచున్నవి. సుంకము ముందుగా తెలిసి యుండవలెను. అందఱికి నొక్కటే కావలెను. దానికి ప్రతిఫలముగా రక్షణ లభింపవలెను. ఇష్టము లేనివాడు వెడలిపోగలుగవలెను. ఇవి గలచోట పేట గాని రేవు గాని వర్తకునికి ఇల్లు, లేనిచోట బంధిఖానా. మోటుపల్లియందు నాలుగును కనబడును. కలే పట్టణమున మూడవది మాత్రమే, అదియు కొలదిమందికే, మిగిలెను.

ఇదే కొలతతో మనలను మనము కొలుచుకొనుటయు న్యాయము. రాతి కమానుల క్రింద అంగడి గలవాడు, దాని ముందు తోపుడుబండిపై గాజులు, జేబురుమాళ్లు అమ్మువానిని చూచి కోపించుట తఱచు. 2014 నాటి వీధివ్యాపారుల చట్టము అట్టివారికిని స్థానము నిర్ణయింపవలెనని చెప్పుచున్నది. మనము కోరు అభయము చిన్నవానికి గూడ దక్కవలెనని మన సంఘము పలికిననాడే, గణపతిదేవుని శిలాక్షరములను చదువు యోగ్యత మనకు గలుగును.