సూక్ష్మజీవి కూడా ప్రమాదమే

ఇంగ్లండులోని కిడర్‌మిన్‌స్టర్ తివాచీల మిల్లులో ఉన్ని వేరుచేసే కార్మికుడొకరికి ఉన్నిలోని ఆంత్రాక్స్ సూక్ష్మజీవి కంటికి తగిలి ప్రాణం పోయింది. ఇది మామూలు జబ్బు, ప్రమాదం కాదంది యాజమాన్యం. ఆ మాట నెగ్గితే 1897 నాటి పరిహార చట్టం కింద ఆ కుటుంబానికి చిల్లిగవ్వ రాదు. 1905లో హౌస్ ఆఫ్ లార్డ్స్ అది ప్రమాదమేనని తీర్పిచ్చింది. పని చేస్తూ అంటుకున్న రోగాన్ని యంత్రంలో నలిగిన చేతితో సమానంగా చూడాలన్న ఆలోచన మన దేశానికీ త్వరగానే చేరింది. 1923లో చేసిన కార్మిక నష్టపరిహార చట్టం 1924 జూలై 1న అమల్లోకి వచ్చింది. సీసం, భాస్వరం విషాలతో పాటు ఆంత్రాక్స్‌ను కూడా అది వృత్తి వ్యాధిగా గుర్తించింది. అంతకు ముందు దిక్కు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టమే. దాని కింద యజమాని తప్పును సివిల్ కోర్టులో రుజువు చేయాల్సిన బాధ్యత చనిపోయినవారి కుటుంబానిదే. కొత్త చట్టం ఆ భారం తీసేసింది. ప్రభుత్వ శాఖ, స్థానిక సంస్థ చేసే పనినీ వ్యాపారంగానే పరిగణించాలని కూడా చెప్పింది. సర్కారు కూడా ఒక యజమానే అన్నమాట.

1984 సవరణలో వైద్య, ప్రయోగశాల పనుల్లో సోకే అంటువ్యాధులు వృత్తి వ్యాధుల జాబితాకెక్కాయి. ఇక్కడే అసలు బలం ఉంది. ఆ పనిలో ఉన్నవారికి ఆ వ్యాధి వస్తే, కాదని రుజువయ్యేదాకా అది పనివల్లే వచ్చినట్టు చట్టం భావిస్తుంది. క్షయ వార్డులో సోకిందో బస్సులో సోకిందో ఎవరు తేల్చగలరని వాదించేవారికి ఇదే జవాబు. తేల్చలేమని తెలిసే చట్టం ఆ బరువును యజమాని మీద పెట్టింది.

కరోనా కాలంలో ప్రభుత్వం ఈ దారి పట్టలేదు. 2020 మార్చిలో ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ కింద ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల రూపాయల బీమా ప్రకటించింది. తొలుత 90 రోజులకే అన్న ఈ పథకాన్ని పొడిగించుకుంటూ పోయింది. ఆశా కార్యకర్తలనూ అందులో చేర్చడం మెచ్చదగ్గ పని. చట్టం ఇచ్చేదానికంటే ఇది చాలా ఎక్కువ కదా, ఇంకేం కావాలని అడగవచ్చు. నిజమే, 2020 నుంచి పరిహారం లెక్కకు తీసుకునే నెల జీతం పరిమితి 15,000 రూపాయలే. 30 ఏళ్ల ఉద్యోగి చనిపోతే ఆ లెక్కన వచ్చేది సుమారు 15.6 లక్షలు. అయితే బీమా ప్రాణం పోతేనే వర్తించింది, అదీ ఒక్క రోగానికే. ఊపిరితిత్తులు దెబ్బతిని బతికిన నర్సుకు గానీ, సూది గుచ్చుకుని హెపటైటిస్ సోకిన ల్యాబ్ టెక్నీషియన్‌కు గానీ అది ఉపయోగపడలేదు. ప్రభుత్వం దయతలచి ఇచ్చింది దాని గడువుతోనే పోతుంది. హక్కుగా వచ్చేది నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీతో రావాలి. తగిన కారణం లేకుండా ఆలస్యం చేస్తే యాభై శాతం దాకా జరిమానా కూడా పడవచ్చు.

ప్రభుత్వోద్యోగులకు పింఛను ఉంది కదా అన్నది మరో అభ్యంతరం. విధి నిర్వహణలో గాయపడిన కేంద్ర ఉద్యోగులకు 1939 నుంచీ అసాధారణ పింఛను నిబంధనలున్న మాట వాస్తవం. కానీ నేటి సర్కారు ఆస్పత్రిలో వార్డు ఊడ్చేవారు, రోగిని స్ట్రెచర్ మీద తోసేవారు ఎక్కువగా ఔట్‌సోర్సింగ్ మనుషులే. వారికా నిబంధనలు వర్తించవు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలదీ ఇదే స్థితి. కాగితాల మీద వారు స్వచ్ఛంద సేవకులు. చనిపోతే బీమాకు పనికొచ్చినవారు బతికుండగా ఉద్యోగులుగా లెక్కకు రాకపోవడం అన్యాయం.

1923 చట్టం స్థానంలో 2020 సామాజిక భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. వృత్తి వ్యాధుల జాబితా దానిలోనూ ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు, మూడు పనులు చాలు. జీతం పరిమితి పెంచాలి. ఆశా కార్యకర్తలను, ఔట్‌సోర్సింగ్ ఆస్పత్రి సిబ్బందిని పేరుపెట్టి ఆ కోడ్ పరిధిలోకి తేవాలి. సూది గుచ్చుకున్న ప్రతి సంఘటననూ ఆస్పత్రి అదే రోజు నమోదు చేసి, నకలు బాధితుల చేతికివ్వాలి.