రెండు చుక్కల వెనుక ఎన్ని చేతులు

పోలియో కథ చెప్పేటప్పుడు అందరూ మందునే పొగుడుతారు. ఆ మందును గడప దాటించిన మనుషుల సంగతి ఎవరికీ పట్టదు.

1995లో పల్స్ పోలియో మొదలైంది. అయినా 2002లో దేశంలో 1600 కేసులు వచ్చాయి. ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 1242. పడమటి జిల్లాల ముస్లిం మహల్లాల్లో, చుక్కలు వేయిస్తే పిల్లలకు రేపు సంతానం కలగదని పుకారు. జ్వరమొస్తే పలకని ఆసుపత్రి, పిలవని రోజున గుమ్మంలోకొస్తే అనుమానం రాదూ? ఆ తల్లుల్ని మేము తప్పుపట్టలేము.

డాక్టరు ఒక్కడి వల్ల అయ్యే పని కాదని అప్పుడు తెలిసింది. నర్సమ్మ, అంగన్‌వాడీ కార్యకర్త, మహల్లాలో నలుగురూ ఎరిగిన ఆడమనిషి ఇల్లిల్లూ తిరిగారు. చుక్కలు పడిన బిడ్డ ఎడమ చిటికెన వేలికి సిరా గుర్తు. ఎవరైనా మిగిలిపోయిన ఇంటి గోడ మీద సుద్దతో ‘ఎక్స్’. ఆ ‘ఎక్స్’ ఇళ్ళకు మౌల్వీ సాబ్‌నో, బడి పంతులునో వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళేవారు. మస్జిద్ మైకులో ఎలాన్ అయ్యేది. అలీగఢ్, జామియా మిల్లియా, జామియా హమ్‌దర్ద్ విశ్వవిద్యాలయాల వారూ చేయి కలిపారు. మాబోటి పంతుళ్ళకు ముచ్చటైనది ‘బులావా టోలీ’. బడిపిల్లలే గుంపుకట్టి, కేకలేసుకుంటూ, చంటివాళ్ళను బూత్‌కు తీసుకొచ్చేవారు.

2014 మార్చి 27న దేశానికి పోలియో లేదన్న ధ్రువపత్రం వచ్చింది. ఆఖరు కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో, ఏడాదిన్నర పాప. ఆ పాపకు చుక్కలు వేయించలేదు.