ఫెర్గూసన్‌కీ టైమిచ్చారు కదా!

సోమవారం మధ్యాహ్నం మా ఆఫీసు క్యాంటీన్లో కూర్చుంటే ఒక గొడవ వినక తప్పదు. వారాంతంలో ప్రీమియర్ లీగ్ మ్యాచ్ పోగొట్టుకున్న టీమ్ అభిమాని ఒకడుంటాడు, వాడి గాయం మీద కారం చల్లడానికి ఇంకొకడుంటాడు. ఫార్మేషన్ తప్పంటాడొకడు. ఆటగాళ్ళే దండగంటాడు మరొకడు. కోచ్‌ని ఇవ్వాళే తీసెయ్యాలంటాడు మూడోవాడు. సాంబారన్నం అయ్యి పెరుగన్నంలోకి వచ్చేసరికి ఎవడో ఒక మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని ఆఖరి అస్త్రం తీస్తాడు. "ఫెర్గూసన్‌కీ మొదట్లో ఏం రాలేదు బాస్. టైమిచ్చారు కాబట్టే అన్ని కప్పులు కొట్టాడు." అంతే, బల్ల చల్లబడిపోతుంది. దానికి ఎదురు చెప్పినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

నేనూ ఆ అస్త్రాన్ని చాలాసార్లే వాడాను. ఈ మధ్య ఒక సొంత కారణం వల్ల (చివర్లో చెప్తాను) అసలు ఆ "మొదట్లో" ఏం జరిగిందా అని తీరిగ్గా చదివాను. చదివాక దాన్ని వాడటం మానేశాను. ఎందుకో చెప్పడానికే ఈ టపా.

ఫుట్‌బాల్ చూడని వాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. అలెక్స్ ఫెర్గూసన్ 1986 నవంబరులో యునైటెడ్‌కి మేనేజర్‌గా వచ్చాడు. 2013లో రిటైరయ్యేలోపు 13 సార్లు లీగ్ గెలిపించాడు. ఇది అందరికీ తెలిసిన కథ. కానీ ఆ 13లో మొదటిది వచ్చింది 1993లో, అంటే చేరిన ఆరున్నరేళ్ళకి. అంతకుముందు 26 ఏళ్ళుగా యునైటెడ్ లీగ్ గెలవలేదు. ఆయన మొదటి సీజన్లో టీమ్ 11వ స్థానంలో నిలిచింది. రెండో సీజన్లో 2వ స్థానం, మూడో సీజన్లో మళ్ళీ 11. నాలుగోది 1989-90. మన కథ అదే.

ఆ సీజన్ మొదలవడమే ఒక తమాషా. మొదటి మ్యాచ్‌కి ముందు క్లబ్బుని కొనబోతున్నానని చెప్పిన మైకేల్ నైటన్ అనే పెద్దమనిషి టీమ్ డ్రెస్ వేసుకుని మైదానంలోకి వచ్చి, జనం ముందు బంతిని కాలి మీద ఎగరేసి చూపించాడు (ఆ కొనుగోలు తర్వాత జరగనే లేదు). ఆ రోజు యునైటెడ్ అప్పటి ఛాంపియన్ ఆర్సెనల్‌ని 4-1తో కొట్టింది. ఇంకేముంది, ఈ ఏడు మనదే అనుకున్నారందరూ. నీల్ వెబ్, మైక్ ఫీలన్, గ్యారీ పాలిస్టర్, పాల్ ఇన్స్, డ్యానీ వాలెస్... కొత్తవాళ్ళ కోసం డబ్బు కూడా బాగానే కుమ్మరించారు.

సెప్టెంబరు 23న, ఆ ఏడే కింది డివిజన్ నుంచి పైకొచ్చిన మాంచెస్టర్ సిటీ చేతిలో 5-1తో ఓడిపోయారు. పక్క వీధి వాడి చేతిలో! డిసెంబరు, జనవరి నెలల్లో లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

అప్పట్లో ఇంగ్లండులో ఫ్యాన్‌జీన్లు అని ఉండేవి. అభిమానులే రాసి, అచ్చేసి, స్టేడియం బయట నిలబడి అమ్ముకునే చిన్న పత్రికలు. యునైటెడ్‌కి 'రెడ్ న్యూస్' 1987లోనే వచ్చింది, 'రెడ్ ఇష్యూ', 'యునైటెడ్ వి స్టాండ్' రెండూ 1989లో మొదలయ్యాయి. అంటే సరిగ్గా ఆ గడ్డురోజుల్లోనే అభిమానుల వాదనలకి సొంత అచ్చు దొరికిందన్నమాట.

ఫెర్గూసన్ మీద వాళ్ళకున్న కోపం తెలివితక్కువ కోపమేం కాదు. వాళ్ళ వైపు నుంచి చూడండి. జనం నెత్తిన పెట్టుకున్న పాల్ మెక్‌గ్రాత్‌నీ, నార్మన్ వైట్‌సైడ్‌నీ 1989 వేసవిలో ఆయన అమ్మేశాడు. ఇద్దరికీ మోకాళ్ళ బాధలు, తాగుడు అలవాటు. టీమ్‌లో ఆ తాగుడు సంస్కృతిని తుడిచెయ్యాలన్నది ఆయన పట్టు. సరే, కానీ మెక్‌గ్రాత్ వెళ్ళి చేరిన ఆస్టన్ విల్లా అదే సీజన్లో లీగ్‌లో 2వ స్థానంలో నిలిచింది, యునైటెడ్ 13వ స్థానంలో. స్టాండ్‌లో డబ్బిచ్చి కూర్చున్నవాడికి ఏమనిపిస్తుంది? మీరైనా, నేనైనా తిట్టేవాళ్ళమే.

డిసెంబరు 9న సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌తో మ్యాచ్. అదే ప్యాలెస్ మూడు నెలల క్రితం లివర్‌పూల్ చేతిలో 9-0తో చావుదెబ్బ తింది. అలాంటి టీమ్ యునైటెడ్‌ని 2-1తో ఓడించింది. ఆ రోజే ఒక అభిమాని మంచం మీది దుప్పటి మీద రాసుకొచ్చి పైకెత్తాడు. మూడేళ్ళుగా సాకులు వింటున్నాం, టీమ్ ఇంకా చెత్తగానే ఉంది, ఇక వెళ్ళిరా ఫెర్గీ... అని దాని సారాంశం. ఇంగ్లీషు ఫుట్‌బాల్ చరిత్రలో ఇంతగా పేరు మోసిన బ్యానర్లు ఎన్నో లేవు. పేరు మోసింది అది తప్పని తేలినందుకే అనుకోండి.

తర్వాతి భాగం సినిమాలా చెప్పుకుంటారు. 1990 జనవరి 7న ఎఫ్ఏ కప్ మూడో రౌండు, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మైదానంలో. ఓడితే ఫెర్గూసన్ ఉద్యోగం గోవిందా అని పత్రికలన్నీ రాశాయి. మార్క్ హ్యూస్ వేసిన బంతిని ఇరవయ్యేళ్ళ కుర్రాడు మార్క్ రాబిన్స్ తలతో కొట్టి గోల్ చేశాడు. 1-0. అక్కణ్ణుంచి గెలుచుకుంటూ ఫైనల్‌కి పోయారు. ఫైనల్లో ఎవరు? అదే క్రిస్టల్ ప్యాలెస్! మొదటి మ్యాచ్ 3-3. రీప్లేకి ఫెర్గూసన్ తనతో అబర్డీన్‌లో పనిచేసిన గోల్‌కీపర్ జిమ్ లేటన్‌ని పక్కన పెట్టి, లూటన్ నుంచి అప్పు మీద తెచ్చుకున్న లెస్ సీలీని దింపాడు. లీ మార్టిన్ గోల్‌తో 1-0తో గెలిచారు. ఫెర్గూసన్‌కి యునైటెడ్‌లో అదే తొలి కప్పు. మరుసటి ఏడాది యూరప్‌లో కప్ విన్నర్స్ కప్, 1993లో లీగ్. ఇక చూసుకోండి.

అందుకే "ఒక్క గోల్ ఫెర్గూసన్‌ని కాపాడింది" అంటారు. కానీ అప్పటి ఛైర్మన్ మార్టిన్ ఎడ్వర్డ్స్, ఆ మ్యాచ్ ఓడినా ఆయన్ని తీసేసేవాళ్ళం కాదని తర్వాత పదేపదే చెప్పాడు. ఎందుకని? నా లెక్కలో దీనికి జవాబే అసలు విషయం.

స్టాండ్‌లో కూర్చున్నవాడికి కనిపించేది స్కోర్‌బోర్డు, పాయింట్ల పట్టిక. బోర్డులో ఉన్నవాడికి ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ఫెర్గూసన్ వచ్చీరాగానే కుర్రాళ్ళని వెతికే స్కౌట్ల వ్యవస్థని మొత్తం తిరగరాశాడు. ర్యాన్ గిగ్స్‌ని 14వ పుట్టినరోజు నాడు ఇంటికెళ్ళి మరీ చేర్చుకున్నది 1987 నవంబరులో. బెక్‌హామ్, నెవిల్, బట్‌లాంటి కుర్రాళ్ళు గిగ్స్‌తో కలిసి యూత్ కప్ గెలిచింది 1992లో. దుప్పటి ఎత్తిన రోజున వీళ్ళు బడి పిల్లలు. ఆ పనంతా జరుగుతూనే ఉంది, పాయింట్ల పట్టికలో దానికో గడి లేదంతే. పైగా ఆయన కొత్తవాడేం కాదు. అబర్డీన్‌లాంటి చిన్న క్లబ్బుతో మూడుసార్లు స్కాట్లండ్ లీగ్ కొట్టి, 1983లో యూరప్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్‌ని ఓడించి వచ్చినవాడు.

అంటే ఆయనకి ఊరికే "టైమిచ్చారు" అనడం సగం మాట. ఆ టైములో ఆయన ఏం చేస్తున్నాడో లోపల చూసి ఇచ్చారు.

ఇప్పుడు 2013కి వద్దాం. నేనప్పుడు ఇంటర్లో ఉన్నాను, స్కోర్లు తెల్లారి పేపర్లో చూసుకునే బతుకు. ఫెర్గూసన్ లీగ్ గెలిచి, 89 పాయింట్లతో రిటైరయ్యాడు. ఎవర్టన్‌లో 11 ఏళ్ళు చేసిన డేవిడ్ మోయెస్‌ని ఆయనే ఎంచాడు. ఆరేళ్ళ కాంట్రాక్టు. "కొత్త మేనేజర్ వెనక నిలబడటమే ఇప్పుడు మీ పని" అని ఫెర్గూసన్ మైక్ పట్టుకుని జనానికి చెప్పాడు. స్టేడియంలో ఈయనే మనం ఎంచుకున్నవాడని పెద్ద బ్యానర్ కూడా కట్టారు.

తర్వాత జరిగింది తెలిసిందే. వెస్ట్ బ్రామ్, ఎవర్టన్, న్యూకాజిల్, టోటెన్‌హామ్... వరసగా ఒక్కొక్కరూ ఓల్డ్ ట్రాఫర్డ్‌కి వచ్చి గెలిచి వెళ్ళారు. న్యూకాజిల్ అక్కడ గెలవడం 1972 తర్వాత అదే మొదలు. అభిమానులు రెండుగా చీలిపోయారు. టీమ్ ముసలిదైపోయింది, ఆయనేం చేస్తాడని ఒక పక్షం. గిగ్స్‌కి ఆ నవంబరులో 40 నిండాయి, కాబట్టి అబద్ధమేం కాదు. అదే టీమ్ మొన్నేగా ఛాంపియన్, తప్పు ఎత్తుగడలదే అని రెండో పక్షం. ఇదీ అబద్ధం కాదు.

రెండో పక్షానికి దొరికిన పెద్ద సాక్ష్యం 2014 ఫిబ్రవరి 9 నాటి మ్యాచ్. పట్టికలో అట్టడుగున ఉన్న ఫుల్హామ్‌తో, సొంత మైదానంలో. ఆ రోజు యునైటెడ్ 81 క్రాసులు వేసింది. క్రాస్ అంటే మైదానం పక్కల నుంచి గోల్ ముందుకి బంతి వెయ్యడం. 81 సార్లు! ఫెయిలైన రిక్వెస్ట్‌ని ఏమీ మార్చకుండా 81 సార్లు రీట్రై చేసినట్టు. మ్యాచ్ 2-2. ఇంకో తమాషా, అవతల ఫుల్హామ్ కోచ్ రెనే మ్యూలెన్‌స్టీన్. ఫెర్గూసన్ దగ్గర కోచ్‌గా ఉండి, మోయెస్ తన సొంత మనుషుల్ని తెచ్చుకోవడంతో బయటికి పోయినవాడు. (ఆ వారంలోనే ఫుల్హామ్ కూడా ఆయన్ని తీసేసింది, అది వేరే కథ.)

కానీ న్యాయంగా ఒక మాట. ఆ మ్యాచ్‌లో యునైటెడ్ చివర్లో రెండు గోల్స్ కొట్టి 2-1తో ముందే ఉంది. ఫుల్హామ్ గోల్ అదనపు నిమిషాల్లో, ఆఖరి క్షణాల్లో పడింది. ఆ ఒక్క బంతి పక్కకి పోయుంటే అదే 81ని మనం "ఆఖరిదాకా వదలని పోరాటం" అని ఉండేవాళ్ళం. రాబిన్స్ గోల్ పడకపోయుంటే ఆ దుప్పటి అన్న జ్ఞాని అయ్యేవాడు కదా, అలాగన్నమాట. సీజన్‌కి ఉన్నవి 38 మ్యాచ్‌లే. అంత తక్కువ డేటాతో మనం మనుషుల మీద ఎంత పెద్ద తీర్పులిచ్చేస్తామో!

మార్చి 29న కొందరు చందాలేసుకుని, మోయెస్ వెళ్ళిపోవాలని రాసిన బ్యానర్‌తో స్టేడియం మీద విమానం ఎగరేశారు. కింద కూర్చున్న జనంలో చాలామంది ఆ విమానాన్నే చూసి గేలి చేశారు. ఎందుకంటే 1989 వాళ్ళకి గుర్తుంది. మేం మేనేజర్లని మధ్యలో గెంటేవాళ్ళం కాదు అనేది అప్పటికి వాళ్ళ ఆత్మగౌరవం అయిపోయింది. చరిత్ర పాఠం అంటే ఇదే. ఒకసారి నిజమైంది కాబట్టి ప్రతిసారీ నిజమని నమ్మాలనిపిస్తుంది. ఏప్రిల్ 22న మోయెస్‌ని తీసేశారు. ఆ సీజన్ 64 పాయింట్లతో, 7వ స్థానంతో ముగిసింది.

మోయెస్ చేతకానివాడని అనడం లేదు. అదే మనిషి 2023లో వెస్ట్ హామ్‌కి కాన్ఫరెన్స్ లీగ్ గెలిపించాడు. 1989లో కనిపించిన అడుగు పని 2014లో కనిపించలేదు, అదీ తేడా. లేక, ఉన్నా పది నెలల్లో ఎవరికీ చూపించలేకపోయాడేమో. 2024-25లో రూబెన్ అమోరిమ్ తన 3-4-3ని పట్టుకుని వదలకుండా 42 పాయింట్లతో 15వ స్థానంలో నిలిచినప్పుడూ ఇదే వాదన, ఇవే రెండు పక్షాలు, అదే ఫెర్గూసన్ అస్త్రం.

టైమిస్తే పైకొచ్చినవాడు మనకి గుర్తుంటాడు. టైమిచ్చినా రానివాళ్ళు ఎంతమందో మనం లెక్కేసుకోం. వాళ్ళ దుప్పట్లు ఎవరూ దాచిపెట్టుకోరు.

ఇక నా సొంత కారణం. ఏడాది క్రితం మా లీడ్ మానేసి వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళు ఆ మాడ్యూల్‌ని ఒంటిచేత్తో నడిపిన మనిషి. అది నా నెత్తిన పడింది. వరసగా రెండు రిలీజులు ఆలస్యమయ్యాయి. ఒకరోజు టీ దగ్గర, నేను వెనకే ఉన్నానని చూసుకోకుండా మా టీమ్ కుర్రాడొకడు పక్కవాడితో అన్నాడు, "అన్న ఉన్నప్పుడు ఇట్లా ఉండేది కాదురా." నా నోటిదాకా వచ్చిన మాట ఏంటో మీకు చెప్పక్కర్లేదు :) కానీ అనలేదు. ఇంటికెళ్ళి ఆ 1989 పట్టుకున్నాను.

చదివాక ఒక కాగితం మీద రెండు వరసలు రాసుకున్నాను. ఒకటి, ఈ ఏడాదిలో నేను వేసిన పునాది పని. రెండోది, నా 81 క్రాసులు, అంటే ఫలితం రాకపోయినా ఏమీ మార్చకుండా మళ్ళీ మళ్ళీ చేస్తున్నవి. మొదటి వరసలో మూడున్నాయి. రెండోదాంట్లో ఏడు తేలాయి. శని, ఆదివారాలు కూర్చోబెట్టి బగ్గులు కొట్టించడం అందులో మొదటిది.

ఆ కాగితం మా టీమ్‌కి చూపించాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు లెండి. టీ దగ్గర ఆ మాటన్న కుర్రాడే, రెండో వరసకి ఎనిమిదోది కలిపాడు. తప్పుగా ఏం కలపలేదు. వచ్చే రిలీజు ఇంకో ఐదు వారాల్లో ఉంది.