పెట్టెల్లో వచ్చిన స్పోర్ట్స్ కార్లు: ఏడున్నర దశాబ్దాల సింహావలోకనం

1962లో కార్ల తయారీకి దిగిన క్యారల్ షెల్బీ చేతిలో ఉన్న కోబ్రా స్పోర్ట్స్ కారు ఒక్కటంటే ఒక్కటే. ఒక పత్రికవాళ్లు నడిపి చూసి వెళ్లగానే దానికి వేరే రంగు వేయించి ఇంకో పత్రికకు అప్పగించేవాడు. చదివినవాళ్లంతా కాలిఫోర్నియాలో కోబ్రాలు వరసపెట్టి తయారవుతున్నాయనుకున్నారు. ఆ తర్వాత అయిదేళ్లలో అసలు తయారైనవి దాదాపు వెయ్యి. ఇవాళ కోబ్రా ఆకారంలో రోడ్ల మీద తిరిగే బళ్లు వేలకు వేలు. వాటిలో ఎక్కువ భాగం ఎవరి ఇంటి షెడ్డులోనో, శనాదివారాల్లో, స్పానర్లు పట్టుకుని బిగించుకున్నవే. రంగులు మార్చి ఒక్కదాన్ని పదిగా చూపించిన షెల్బీ, తర్వాతి రోజుల్లో ఈ నకళ్ల మీద కోర్టుకెక్కాడు. నవ్వొచ్చే సంగతే. కానీ ఇలా విడిభాగాలుగా కొని సొంతంగా బిగించుకునే కిట్ కార్ల చరిత్ర నిండా ఇలాంటి సంగతులే ఉంటాయి. అందాల మోజు కన్నా పన్నులు, తుక్కు దుకాణాలు, కోర్టు తీర్పులే వాటిని నడిపించాయి.

మొదలు బ్రిటన్‌లో. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అక్కడ ఉక్కుకు కరువు, పెట్రోలుకు రేషను. కొత్త కార్లు తయారైనా చాలావరకు ఎగుమతికే పోయేవి. కుర్రకారుకు అందేది పాత ఆస్టిన్ సెవెన్ ఒక్కటే. 1922లో వచ్చి 1939 దాకా తయారైన ఈ బుల్లికారు తుక్కు ధరకు దొరికేది. దాని మీది పాత రేకు పీకేసి, ఛాసిస్ మీద అల్యూమినియంతోనో ప్లైవుడ్‌తోనో కొత్త బాడీ కట్టి, ఆదివారం పందేలకు తీసుకుపోయేవారు. లండన్‌లో ఇంజనీరింగ్ చదివిన కోలిన్ చాప్‌మన్ 1948లో, కాబోయే అత్తవారింటి వెనక గ్యారేజీలో అలాంటి బండి ఒకటి కట్టాడు. లోటస్ వంశంలో మొదటిది అదే. 1956లో జాన్ హేన్స్ అనే బడి కుర్రాడు ఆస్టిన్ సెవెన్‌ను పందెపు బండిగా మార్చుకోవడం ఎలాగో చిన్న పుస్తకం రాసి సొంతంగా అచ్చేసుకుంటే, 250 ప్రతులు పది రోజుల్లో చెల్లిపోయాయి. తర్వాతి కాలంలో ప్రపంచమంతా మెకానిక్కుల బల్లల మీద గ్రీజు మరకలతో కనిపించే హేన్స్ మాన్యువళ్లకు పునాది ఆ పుస్తకమే.

కిట్‌ను వ్యాపారంగా నిలబెట్టింది మాత్రం పన్ను. ఆ రోజుల్లో బ్రిటన్‌లో కొత్త కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి. 1950లలో అది టోకు ధరలో సగాన్ని మించిన ఏళ్లు కూడా ఉన్నాయి. విడిభాగాలుగా కొంటే ఆ పన్ను లేదు. చాప్‌మన్ 1952 నాటి లోటస్ మార్క్ సిక్స్‌ను, 1957 నాటి లోటస్ సెవెన్‌ను పెట్టెల్లో సర్ది అమ్మింది అందుకే. గొట్టాలతో వెల్డింగ్ చేసిన ఛాసిస్, దాని చుట్టూ అల్యూమినియం రేకు, ముందు వైపు మడ్‌గార్డులు, లోపల ఇద్దరికే చోటు. తలుపులు కూడా లేవు. బిగించే విధానం రాసిచ్చిన కాగితం జత చేస్తే అది పూర్తి కారు కింద లెక్కకొస్తుందని, బండిని విప్పే విధానం మాత్రమే రాసిచ్చేవారట. కొన్నవాళ్లు దాన్ని కింది నుంచి పైకి చదువుకునేవారట. కిట్ కార్లవాళ్లు ఈ ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటారు. గుమాస్తా జీతగాడికి స్పోర్ట్స్ కారు అందిందంటే దాని వెనక ఈ పన్ను కిటుకే ఉంది. 1967లో వచ్చిన ‘ది ప్రిజనర్’ టీవీ ధారావాహికలో కథానాయకుడు లోటస్ సెవెన్ నడపడంతో దానికి గ్లామరు కూడా తోడైంది.

1973లో కొనుగోలు పన్ను పోయి విలువ ఆధారిత పన్ను వచ్చింది. కిట్‌కూ మినహాయింపు లేకపోయింది. లోటస్ అప్పటికే ఖరీదైన కార్ల వైపు చూస్తోంది. సెవెన్ హక్కులను అదే ఏడాది కేటర్‌హమ్ అనే డీలరు తీసుకుంది, ఈనాటికీ తయారు చేస్తూనే ఉంది. పన్ను కోసం పుట్టిన బండి పన్ను పోయాక కూడా బతికిందంటే, జనానికి అసలు రుచి బిగించడంలోనే దొరికిందని అనుకోవాలి. 1996లో రాన్ చాంపియన్ రాసిన పుస్తకం 250 పౌండ్లతో సొంతంగా స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చంది. ప్రచురించింది హేన్స్ సంస్థే. పాత ఫోర్డ్ ఎస్కార్ట్ ఒకటి, వెల్డింగ్ యంత్రం ఒకటి ఉంటే సెవెన్ లాంటిది తయారన్నమాట. ఆ లెక్కలో మన ఒంటి కష్టానికి కూలి కలపలేదు, అది వేరే సంగతి.

అమెరికాలో కథ ఇంకో తోవన నడిచింది. అక్కడ దారి చూపింది పడవలు చేసేవాళ్లు. గ్లాస్‌పార్ అనే పడవల కంపెనీ నడిపిన బిల్ ట్రిట్, 1950ల మొదట్లో ఫైబర్‌గ్లాస్‌తో కారు బాడీ చేసి చూపించాడు. 1952లో ‘లైఫ్’ పత్రిక దాని గురించి రాసింది. మరుసటి ఏడాది షెవర్లే కంపెనీ కార్వెట్‌ను ఫైబర్‌గ్లాస్ బాడీతోనే బయటికి తెచ్చింది. ఉక్కు రేకును వంచాలంటే భారీ ప్రెస్సులు, అచ్చులు, కోట్ల పెట్టుబడి కావాలి. ఫైబర్‌గ్లాస్‌కు ఒక షెడ్డు చాలు. నచ్చిన కారు బాడీకి మైనం పూసి, దాని మీద గాజు నారను రెజిన్‌తో తడిపి పొరలు పొరలుగా పరిచి, గట్టిపడ్డాక ఊడదీస్తే అచ్చు సిద్ధం. ఆ అచ్చులో మళ్లీ అదే పని చేస్తే బాడీ సిద్ధం. నకలు కొట్టడం ఇంత తేలికయ్యాక, ఎవరి ఆకారం ఎవరి సొత్తు అనే తగాదా రాక మానదు.

ఆ దెబ్బ మొదట తిన్నది బ్రూస్ మేయర్స్. కాలిఫోర్నియా తీరంలో పడవలు చేసిన ఈయన 1964లో మేయర్స్ మాంక్స్ అనే ఇసుక బండి తయారు చేశాడు. మొదటి పన్నెండింటి తర్వాత పద్ధతి మార్చి, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కింది భాగాన్ని 14 అంగుళాలు కోసి పొట్టి చేసి, దాని మీద ఫైబర్‌గ్లాస్ తొట్టి కూర్చోబెట్టాడు. 1967లో మెక్సికోలోని బాహా ఎడారి పందెం మొట్టమొదటిసారి జరిగినప్పుడు మాంక్సే గెలిచింది. ఆ వెంటనే పోటీ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. చాలామంది మాంక్స్ బాడీ మీదనే అచ్చు తీసుకున్నారు. మేయర్స్ పేటెంటు పట్టుకుని కోర్టుకు వెళితే అది చెల్లదన్నారు. తాను అమ్మినవి దాదాపు ఆరు వేలు, జనం నకలు కొట్టుకున్నవి అంతకు ఎన్నో రెట్లు. 1971లో కంపెనీ మూతపడింది. ఈ రంగంలో అందరికన్నా అన్యాయమైపోయింది ఆయనేనని నా అభిప్రాయం. షెల్బీ గొడవకు పడినంత సిరా మేయర్స్‌కు పడలేదు.

బీటిల్ మీద లేచిన ఇంకో పంట పోర్షా స్పీడ్‌స్టర్ నకళ్లు. అమెరికాలో యూరప్ కార్ల దిగుమతిదారు మ్యాక్స్ హాఫ్‌మన్ పట్టుబడితే, 1954లో పోర్షా తన 356ను హంగులు తగ్గించి స్పీడ్‌స్టర్ పేరుతో 2,995 డాలర్లకు అమ్మింది. ఇప్పుడు అసలు స్పీడ్‌స్టర్ కొనాలంటే లక్షల డాలర్లు. నిజానికి పోర్షా 356 కూడా మొదట్లో బీటిల్ భాగాలతోనే పుట్టింది. ఆ లెక్కన బీటిల్ మీద స్పీడ్‌స్టర్ బాడీ పెడితే తాతకు మనవడి చొక్కా తొడిగినట్టే. మొత్తం రెండు కోట్లకు పైగా బీటిళ్లు తయారయ్యాయి కాబట్టి విడిభాగాలకు లోటే లేదు.

ఇక కోబ్రా. దీనికి కాస్త ఎక్కువ చోటు ఇవ్వక తప్పదు. షెల్బీ టెక్సస్‌వాడు. 1959లో లె మాన్స్ 24 గంటల పందెంలో రాయ్ సాల్వడోరితో కలిసి ఆస్టన్ మార్టిన్ నడిపి గెలిచాడు. గుండె జబ్బు వల్ల మరుసటి ఏడాది పందేలు మానుకున్నాడు. అదే సమయంలో ఇంగ్లండ్‌లో ఏసీ కంపెనీకి, తమ ఏస్ కారుకు వాడే బ్రిస్టల్ ఇంజను దొరకని పరిస్థితి వచ్చింది. మీ బాడీలో అమెరికా వీ8 ఇంజను పెడదామని షెల్బీ ఉత్తరం రాశాడు. ఫోర్డ్ ఇంజను ఇచ్చింది. 1962 మొదట్లో ఇంజను లేని ఏసీ కారు విమానంలో కాలిఫోర్నియా చేరితే, డీన్ మూన్ అనే ఆయన షెడ్డులో కొన్ని గంటల్లోనే ఫోర్డ్ వీ8 దించి నడిపి చూశారు. అంటే అసలు కోబ్రా కూడా ఇక్కడో ముక్క అక్కడో ముక్క తెచ్చి, అద్దె షెడ్డులో కలిపిందే. రంగులు మారుస్తూ వచ్చిన ఆ మొదటి బండి, సీఎస్‌ఎక్స్ 2000, 2016లో కోటీ 37 లక్షల 50 వేల డాలర్లకు వేలంలో పోయింది.

ఇంత ధరకు పోయే బండి, వెయ్యే ఉన్న బండి, భాగాలన్నీ ఫోర్డ్ దుకాణంలో దొరికే బండి. నకలుకు ఇంతకన్నా అనువైనది ఇంకొకటి లేదు. మార్క్ స్మిత్, డేవ్ స్మిత్ అనే అన్నదమ్ములు 1995లో మసాచుసెట్స్‌లో పెట్టిన ఫ్యాక్టరీ ఫైవ్ సంస్థ, ఒక్క పాత ఫోర్డ్ మస్టాంగ్‌ను విప్పితే ఇంజను, గేరుబాక్సు, ఇరుసు, బ్రేకులు అన్నీ సరిపోయేలా కిట్ రూపొందించింది.

ఆ కిట్‌తో పని ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూడాలి. లారీలో ఛాసిస్ వస్తుంది, బాడీ వస్తుంది, డజన్లకొద్దీ పెట్టెలొస్తాయి. జాబితా ముందేసుకుని ఒక్కో నట్టూ సరిచూసుకోవడానికే రోజులు పడతాయి. బాడీని పైకెత్తి పక్కన పెట్టి, ఛాసిస్‌కు అల్యూమినియం రేకులను రివెట్లతో కొడతారు. ఆ రివెట్లు వందల్లో ఉంటాయి. ఇంజను దించి, బ్రేకు గొట్టాల్లో గాలి తీసి, వైర్ల కట్ట పరిచాక, బాడీ పెట్టకముందే ఒట్టి ఛాసిస్‌ను వీధిలో ఓసారి తిప్పుతారు. ముందు అద్దం ఉండదు, పైన ఏమీ ఉండదు, వెనక పెట్రోలు ట్యాంకు బయటికే కనిపిస్తుంటుంది. కట్టినవాళ్లు దాన్ని గో-కార్ట్ దశ అంటారు. అసలు నరకం ఆ తర్వాతే. ఫైబర్‌గ్లాస్ బాడీ అచ్చులోంచి వచ్చినప్పుడు అతుకు గీతలు లేచి ఉంటాయి. వాటిని కోసి, లప్పం పెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, అరచేత్తో తడిమి చూసి, మళ్లీ రుద్దాలి. తలుపు సందు పైన ఒకలా, కింద ఒకలా ఉంటే రంగు వేశాక అది ఇంకా ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే చేతులెత్తేసి బాడీ షాపుకు అప్పగిస్తారు. సగంలో ఆగిన కిట్లు అమ్మకానికి రావడం కూడా మామూలే.

ఎవరి బండి వాళ్లదే అయ్యేది కూడా ఈ పనిలోనే. ఒకరు నీలం మీద తెల్ల చారలతో 1965 నాటి రూపాన్ని అచ్చంగా దించుతారు. ఇంకొకరు ఇప్పటి కంప్యూటర్ ఇంజను పెట్టి, ఎయిర్ కండిషనర్ కూడా బిగిస్తారు. పొడుగు కాళ్లవాళ్లు పెడల్ జరుపుకుంటారు.

షెల్బీ 2000 చివర్లో ఫ్యాక్టరీ ఫైవ్ మీద వేసిన దావా 2002లో రాజీతో ముగిసింది. బండికి షెల్బీ, కోబ్రా పేర్లు వాడకూడదన్నారు, కిట్లు మాత్రం ఆగలేదు. ఆకారం మీద గుత్తహక్కు గట్టిగా సాధించింది ఫెరారీయే. ‘మయామీ వైస్’ టీవీ ధారావాహికలో డిటెక్టివ్ నడిపిన నల్ల ఫెరారీ డేటోనా, కార్వెట్ ఛాసిస్ మీద కట్టిన నకలు. ఫెరారీ తయారీదారు మీద దావా వేసింది. చివరికి 1986లో కథలోనే ఆ కారును పేల్చేసి, ఫెరారీ ఇచ్చిన తెల్ల టెస్టరోసా తెచ్చుకున్నారు. ఇంకో తయారీదారు మీద వేసిన కేసులో 1991లో అప్పీలు కోర్టు కూడా ఫెరారీ పక్షానే తీర్పిచ్చింది. సినిమాలవాళ్లు మాత్రం నకలును వదల్లేదు. 2019 నాటి ‘ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ’లో పరుగెత్తిన కోబ్రాలు, జీటీ40లలో చాలావరకు నకళ్లే. కోట్ల డాలర్ల అసలు బండిని గోడకు గుద్దించే నిర్మాత ఎవరుంటారు?

కాలం గడిచాక అసలు కంపెనీలే ఈ తోవ పట్టాయి. షెల్బీ సంస్థ 1990ల నుంచి కొత్త కోబ్రాలకు పాత వరస కొనసాగింపు నంబర్లు వేసి అమ్మింది. జాగ్వార్ 2014లో ఆరు లైట్‌వెయిట్ ఈ-టైప్‌లు మళ్లీ కట్టింది. ఆస్టన్ మార్టిన్ డీబీ4 జీటీలు పాతిక తయారు చేసింది. షెడ్డులో చేస్తే నకలు, కంపెనీ చేస్తే కొనసాగింపు. ఈ న్యాయం నాకు మింగుడు పడదు.

చట్టాలు కూడా మెల్లగా దారిచ్చాయి. బ్రిటన్‌లో 1998 నుంచి ఇంట్లో కట్టిన బండిని ఒక్కొక్కటిగా పరీక్షించి అనుమతించే పద్ధతి ఉంది. పాదచారులకు తగిలే అంచులు 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి తగ్గకుండా గుండ్రంగా ఉన్నాయో లేదో కూడా కొలుస్తారు. వాడేసిన భాగాలతో కట్టి, వయసు తేల్చలేని బండికి నంబరు ‘క్యూ’ అక్షరంతో మొదలవుతుంది. అమెరికాలో 2015 చివర్లో వచ్చిన చట్టం, పాతికేళ్లు దాటిన నమూనాలకు నకళ్లను ఒక్కో చిన్న తయారీదారు ఏడాదికి 325 దాకా పూర్తి బండిగానే అమ్ముకోవచ్చంది. నిబంధనలు ఖరారు కావడానికి మాత్రం 2021 దాకా పట్టింది.

మన దగ్గర పరిస్థితి వేరు. ముంబయి దగ్గరి అలీబాగ్‌లో చింకారా మోటార్స్ సెవెన్ తరహా రోడ్‌స్టర్ చేసింది. గోవాలో శాన్ స్టార్మ్ అనే చిన్న ఫైబర్‌గ్లాస్ స్పోర్ట్స్ కారు తయారైంది. రెండూ అరుదుగానే మిగిలాయి. హైదరాబాద్ బహదూర్‌పురాలో కె. సుధాకర్ తుక్కుతో బూటు, బంతి, పుస్తకం ఆకారాల్లో నడిచే కార్లు కట్టి మ్యూజియమే పెట్టారు. 2005లో 41 అడుగులకు పైగా ఎత్తున్న మూడు చక్రాల సైకిలుతో గిన్నిస్‌కెక్కారు. అయితే అవి చూడడానికి కట్టినవి, రోజూ ఆఫీసుకు తీసుకెళ్లేవి కావు. మన మోటారు వాహనాల నిబంధనల్లో 126వది ప్రతి కొత్త నమూనాకూ ఏఆర్ఏఐ లాంటి సంస్థల పరీక్ష కావాలంటుంది. ఆ ఖర్చు వందల బళ్లు అమ్మే కంపెనీ భరించగలదు, ఒక్క బండి కట్టుకునే మనిషి భరించలేడు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగా ఖరారు చేసింది. మన కాలేజీ కుర్రాళ్లు పోటీల కోసం కట్టే రేసు కార్లు పోటీ ట్రాకు దాటి బయటికి రాలేవు.

ఛాసిస్ వెల్డింగ్ చేయగలవాళ్లకు ఆటోనగర్లలో కొదవ లేదు. బ్రిటన్ పాతికేళ్లకు పైగా చేస్తున్నట్టు ఒక్కో బండిని విడిగా పరీక్షించి, ఏడాదికి కొన్నింటికైనా నంబరు ఇచ్చే పద్ధతిని కేంద్ర రవాణా శాఖ ఇకనైనా తేవాలి. అప్పటిదాకా విదేశీ కిట్ మీద మోజు పడ్డవాళ్లు, రిజిస్ట్రేషన్ సంగతి ఆర్టీఓ దగ్గర రాతపూర్వకంగా తేల్చుకోకుండా ఎవరికీ బయానా ఇవ్వకండి.