అంతములేని నాటకము

నాటకమునకు మన లాక్షణికులు పంచసంధులను విధించిరి. అరిస్టాటిలు ఆదిమధ్యాంతములను కోరెను. 1950 మే 11వ తేదీన పారిసు నగరమున నోక్తాంబ్యూల్ అను చిన్న నాటకశాలలో ప్రదర్శితమైన యొక నాటకము ఉభయులను త్రోసివేసినది. రచయిత రుమేనియాలో జన్మించి ఫ్రెంచి భాషలో వ్రాసిన ఇయోనెస్కో. ప్రయోక్త నికోలా బతాయ్. పేరు ‘బోడి గాయని’ యని తెనిగింపవచ్చును. ఆ గాయని మాత్రము రంగముపై నెచ్చటను కానరాదు! అభ్యాస సమయమున నటుడొకడు నోరుజారి పలికిన మాటయే పేరుగా నిలిచినది.

ఇంగ్లీషు నేర్వగోరి తెరచిన వాచకములోని వాక్యములే రచయితకు ప్రేరణ. వారమునకు దినములేడు, కప్పు పైన నున్నది, నేల క్రింద నున్నది, ఇట్టి తిరుగులేని సత్యములందు గలవు! నాటకమున గడియారము పదునేడు గంటలు కొట్టును. శ్రీమతి స్మిత్తు తొమ్మిదియైనదనును. తుదకు మాటలు విరిగి వట్టి ధ్వనులగును. దీపములారి మరల వెలుగును. స్మిత్తు దంపతుల స్థానమున మార్టిన్ దంపతులు కూర్చుండి మొదటి మాటలనే యారంభింతురు.

అనగా గంటసేపటికి తెర దించుట ప్రేక్షకుల సౌకర్యార్థమే. దీనిని దినమంతయు విరామము లేక ఆడుట రచనకు ద్రోహము కాదనియు, చివరి రంగసూచనను అక్షరాల పాటించుటయే యనియు నా యభిప్రాయము.

ఇట్టి దీర్ఘప్రయోగమునకు సంగీతమున ప్రసిద్ధమైన దృష్టాంతము కలదు. ఎరిక్ సాటీ 1893 ప్రాంతమున ఒక్క పుటలో వ్రాసిన ‘వెక్సేషన్స్’ అను పియానో రచనకు 840 ఆవృత్తుల సూచన యున్నది. జాన్ కేజ్ 1963 సెప్టెంబరు 9వ తేదీ సాయంకాలము 6 గంటలకు న్యూయార్కు పాకెట్ థియేటరులో దీనిని ప్రారంభింపజేసెను. పియానో వాద్యకులు వంతులవారీగా వాయింపగా మరునాడు మధ్యాహ్నము 12-40కి ముగిసినది. పత్రికా విమర్శకులును వంతులు వేసికొనిరి! ప్రవేశరుసుము 5 డాలర్లు. కూర్చున్న ప్రతి 20 నిమిషములకు 5 సెంట్లు వాపసు. కడదాక నిలిచినవారికి అదనముగా 20 సెంట్లు. ఒక నటుడు మాత్రమే పూర్తిగా కూర్చుండెను. లెక్క వేసినచో అతనికి 3 డాలర్లు దక్కవలెను. ఓవర్‌టైము బిల్లులు పరిశీలించు మనబోంట్లకు ఈ పద్దు ముచ్చట గొలుపును.

తెల్లవార్లు కూర్చుండుట తెలుగువారికి క్రొత్త కాదు. కాని తోలుబొమ్మలాటలో కథ నడచుచుండును. కేతిగాడు, బంగారక్క వచ్చునప్పుడు లేపుమని ప్రక్కవానితో చెప్పి నిద్రింతుము. మేల్కొనునప్పటికి రావణుడు కూలియుండవచ్చును. ఇయోనెస్కో నాటకమున నిద్రించి లేచినవానికి పోయినదేమియు లేదు. అసలు కష్టము నటునిది. సంభాషణ తర్కము ననుసరింపదు గనుక ముందుమాట వెనుకమాటను అందీయదు. పదవ ఆవృత్తిలో ఒక్క వాక్యము తప్పినచో తానెచ్చట నున్నాడో తెలిసికొనుటకు కథ యను ఆధారమే యుండదు.

1957 ఫిబ్రవరి 16 నుండి పారిసులోని యూషెట్ నాటకశాల, నూరుమందియైనను పట్టని చిన్న శాల, ఇదే నాటకమును బతాయ్ తీర్చిన రీతిలోనే ప్రదర్శించుచున్నది. 2020 నాటి మహమ్మారి కొంతకాలము ఆపినది. ఇయోనెస్కో 1994లోను, బతాయ్ 2008లోను మరణించిరి. నటులు మారుచున్నారు, గడియారము నేటికిని పదునేడు కొట్టుచునే యున్నది.