కాల్లో వేసిన రాడ్డు ఏ లోహం? దాని కాగితం మీ దగ్గర ఉందా?

కువైట్‌లో పరంజా మీంచి పడో, బండి గుద్దో కాలు విరిగితే, అల్ రాజీ ఎముకల ఆసుపత్రి పేరు మన వాళ్ళందరికీ తెలిసిందే. ఆపరేషన్ అయ్యాక "లోపల ఏం వేశారన్నా?" అని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే మాట: "రాడ్డు వేశారు". ఏ రాడ్డు? ఈ ప్రశ్న ఇంటికెళ్ళాక బాగా పనికొస్తుంది, అందుకే రాస్తున్నా.

సైట్లో మీరు కట్టే స్టీలు శరీరంలోకి పనికిరాదు. మన ఒంట్లో నీరు ఉప్పు నీరు. సాల్మియా సముద్రం ఒడ్డున ఇనప కమ్మీలు ఎట్లా తుప్పు పడతాయో చూశారు కదా, లోపల కూడా అంతే. అందుకని 316ఎల్ అనే రకం స్టీలు వాడతారు. ఇనుములో క్రోమియం 17 నుంచి 19 శాతం, నికెల్ 13 నుంచి 15 శాతం, కొంచెం మాలిబ్డినం కలుపుతారు. క్రోమియం గాలి తగలగానే పైన కంటికి కనపడని పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్ళీ వచ్చేస్తుంది. కార్బన్‌ను మాత్రం 0.03 శాతం దాటనివ్వరు, ఎక్కువైతే అది క్రోమియంను లాగేసుకుని అక్కడక్కడ తుప్పుకు దారిస్తుంది. వాచీ గొలుసుకో, బెల్టు బకిల్‌కో మీకు దురద పుట్టే అలవాటుంటే అది నికెల్ వల్ల కావచ్చు, ఆపరేషన్‌కు ముందే డాక్టరుకి చెప్పండి.

రెండోది టైటానియం. అందులో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనాడియం కలిపిన రకం ఎక్కువ వాడకంలో ఉంది. బరువు స్టీలులో సగం కంటే కాస్త ఎక్కువ, బిరుసు సుమారు సగం. బిరుసు తగ్గడం మంచిదే. లోహం మరీ గట్టిగా ఉండి బరువంతా తనే మోస్తే, పని లేని ఎముక పల్చబడుతుంది. కొన్ని టైటానియం ప్లేట్లు నీలంగానో బంగారు రంగులోనో ఉంటాయి. అది పెయింట్ కాదు, కరెంటు పెట్టి పై పొర మందం మార్చితే వచ్చే రంగు.

టైటానియం వేడెక్కితే గాలిలో ఆక్సిజన్ పీల్చేసి పెళుసైపోతుంది. అందుకే గాలి తీసేసిన కొలిమిలో ఒకటికి రెండు సార్లు కరిగిస్తారు. తర్వాత సాగగొట్టి, కడ్డీ చేసి, మిషన్ మీద కోసి, మరలు తీస్తారు. మన హైదరాబాద్‌లో కంచన్‌బాగ్ దగ్గర 1973లో పెట్టిన మిధాని ఈ లోహం చేస్తుంది. కేరళ చవరలో టైటానియం తీసే ఫ్యాక్టరీకి పద్ధతి ఇచ్చింది కూడా హైదరాబాద్ డీఎంఆర్ఎల్ వాళ్ళే.

ఇప్పుడు అసలు సంగతి. ఎంత మంచి లోహమైనా ఎముక అతుక్కునే దాకా ఆసరా మాత్రమే. తీగను అటూ ఇటూ వంచితే తెగిపోతుంది చూడండి, ప్లేటూ అంతే. రోజుకి 5 వేల అడుగులేస్తే ఏడాదికి 18 లక్షల పైనే. ఎముక అతకకపోతే ఆ వంపులన్నీ లోహం మీదే. ఫహాహీల్‌లో మా రూమ్ పక్కన రాయచోటి తమ్ముడొకడు, "లైటు డ్యూటీ" అని పిలిస్తే డాక్టరు చెప్పకముందే వెళ్ళాడు. లైటు డ్యూటీ రెండ్రోజులే. నాలుగు నెలలకు ప్లేటు విరిగింది, మళ్ళీ కోశారు. ఎక్స్‌రే చూసి డాక్టరు బరువు పెట్టమన్నాకే పెట్టండి.

పని ప్రమాదమైతే, 2010 నాటి 6వ నెంబరు కార్మిక చట్టం ప్రకారం వైద్యం ఖర్చు యజమానిదే. వైద్యం సాగే 6 నెలల వరకూ పూర్తి జీతం, ఆ తర్వాత సగం. ఇంటి పనివాళ్ళకు వేరే చట్టం ఉంది, 2015 నాటి 68వది.

ఎండకు రాడ్డు కాలుతుందా అని అడుగుతుంటారు. కాలదు, ఒంటి వేడే దానికీ. ఎంఆర్ఐ తీసేటప్పుడు మాత్రం ముందే చెప్పండి.

రాజంపేటలోనో రాజోలులోనో డాక్టరు ఆ ప్లేటు తీయాలంటే స్క్రూకి సరిపోయే స్క్రూడ్రైవర్ కావాలి, కంపెనీని బట్టి తల మారుతుంది. స్టీలు ప్లేటుకి టైటానియం స్క్రూలు కలపడం కూడా మంచిది కాదు. ఆపరేషన్ ఫైలులో ప్రతి సామాను స్టిక్కరు అంటిస్తారు: కంపెనీ, లోహం, సైజు, లాట్ నెంబరు. డిశ్చార్జి రోజే ఆ పేజీ, ఎక్స్‌రే, రిపోర్టు అడిగి తీసుకోండి. అరబీలో ఉన్నా పర్లేదు, ఫొటో తీసి ఇంటికి వాట్సాప్ చెయ్యండి. అకామా ఒకసారి రద్దయి టికెట్ చేతికొచ్చాక ఆ కాగితం కోసం తిరగడం చాలా కష్టం.